గుండెకు కరెంటు ఎక్కడివ్వాలి?



ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర 2023లో స్కైవాక్ వచ్చింది. లిఫ్టులున్నాయి, ఎస్కలేటర్లున్నాయి. అయినా తొందరలో ఉన్నవాళ్లు మెట్లే ఎక్కుతారు. సగం మెట్లెక్కి, కమ్మీ పట్టుకుని, ఊపిరి కూడదీసుకునే పెద్దవాళ్లు అక్కడ ఏ పూటైనా కనిపిస్తారు. "ఏం లేదు బిడ్డా, వయసైంది" అని పక్కవాళ్లకు చెప్పి మళ్లీ కదులుతారు. చాలామందికి అది మోకాళ్ల నొప్పో, రక్తహీనతో, ఉబ్బసమో అయివుంటుంది. కొందరికి మాత్రం గుండే నెమ్మదించి ఉంటుంది. నిమిషానికి 70 సార్లు కొట్టుకోవాల్సింది 35, 40 దగ్గర ఈడుస్తూ ఉంటుంది. అలాంటివారికి డాక్టరు పేస్‌మేకర్ పెట్టాలంటాడు. పెట్టాక నాడి కుదురుకుంటుంది, కళ్లు తిరగడం ఆగుతుంది, ఇంట్లోవాళ్ల భయం తీరుతుంది.

అంతటితో పని అయిపోయిందని వైద్యలోకం కూడా 40 ఏళ్లకు పైగా అనుకుంది. కానీ పేస్‌మేకర్ ఉన్నవాళ్లలో కొందరికి నాలుగైదేళ్లు గడిచేసరికి మళ్లీ ఆయాసం మొదలయ్యేది. నాడి చూస్తే సరిగ్గానే ఉంటుంది, బ్యాటరీ బాగానే ఉంటుంది, వైరు కదల్లేదు. మరి ఆయాసం ఎక్కడిది? దీనికి జవాబు దొరికాక పేస్‌మేకర్ వైద్యమే మలుపు తిరిగింది. గుండెకు కరెంటు అందిందా లేదా అన్నదొక్కటే చూస్తే చాలదని, ఎక్కడ అందిందో కూడా చూడాలని తేలింది.

ముందు గుండెలో సహజంగా ఉన్న వైరింగు సంగతి. కుడివైపు పైగది గోడలో సైనస్ నోడ్ అనే చిన్న కణాల ముద్ద ఉంది. 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ దాన్ని గుర్తించారు. ప్రతి స్పందనా అక్కడే పుడుతుంది. పైగదులను ముడుచుకునేలా చేసిన ఆ విద్యుత్తు కిందిగదుల గుమ్మం దగ్గర, ఏవీ నోడ్‌లో, క్షణకాలం ఆగుతుంది. పైనున్న రక్తం కిందికి దిగడానికి ఆ వ్యవధి కావాలి. ఆ తర్వాత హిస్ కట్టలోకి దిగి, కుడి ఎడమ శాఖలుగా చీలి, పర్కింజీ తీగల ద్వారా కిందిగదుల లోపలి గోడలంతటా పాకుతుంది. హిస్ కట్టను విల్హెల్మ్ హిస్ 1893లో వర్ణించాడు. జపాన్ నుంచి జర్మనీలోని మార్బుర్గ్‌కు వెళ్లి చదువుకున్న సునావో తవారా 1906లో ఈ దారి మొత్తం ఒకదానికొకటి ఎలా కలిసి ఉందో చూపించాడు.

ఈ తీగల్లో విద్యుత్తు సెకనుకు 2 నుంచి 4 మీటర్ల వేగంతో వెళుతుంది. మామూలు గుండె కండరంలో అయితే అర మీటరు అటూ ఇటూ. అంటే దారిలో వెళ్లిన విద్యుత్తుకూ, దారి తప్పి కండరంలోంచి పాకిన విద్యుత్తుకూ వేగంలో అయిదారు రెట్ల తేడా. సహజమైన దారిలో వెళితే రెండు కిందిగదులూ 80 నుంచి 100 మిల్లీసెకన్లలో మేల్కొంటాయి. ఈసీజీ కాగితం మీద నిటారుగా లేచే గీత వెడల్పు అదే.

అంత తొందర ఎందుకంటే, ఎడమ కిందిగది ఊరికే ముడుచుకోదు, మెలితిరుగుతుంది. పైభాగం ఒకవైపు, కొన ఇంకోవైపు తిరుగుతాయి. తడిసిన దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండితే నీళ్లు ధారగా కారతాయి. ఒకరు మెలితిప్పడం అయిపోయి వదిలేసే వేళకు రెండోవారు మొదలుపెడితే చేతులు నొప్పెట్టడమే తప్ప దుప్పటి ఆరదు. గుండె గోడల మధ్య పొత్తు చెడితే జరిగేదీ ఇదే.

1958 అక్టోబరు 8న స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఆసుపత్రిలో ఆర్నే లార్సన్ అనే 43 ఏళ్ల మనిషికి ప్రపంచంలోనే మొదటిసారిగా శరీరం లోపల పేస్‌మేకర్ పెట్టారు. సర్జన్ ఓకే సెన్నింగ్, పరికరం తయారుచేసింది రూనే ఎల్మ్‌క్విస్ట్. మొదటి పరికరం కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ మాత్రం పరికరం మీద పరికరం మార్పించుకుంటూ 2001 దాకా బతికాడు. తనకు ఆపరేషన్ చేసిన సర్జన్ కన్నా, పరికరం చేసిన ఇంజనీరు కన్నా ఎక్కువకాలం జీవించాడు. పేస్‌మేకర్ గురించి భయపడేవాళ్లకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

తర్వాతి రోజుల్లో ఛాతీ తెరవాల్సిన అవసరం పోయింది. భుజం ఎముక కింది సిరలోంచి వైరు లోపలికి పంపి, కుడి కిందిగది అడుగున, కొనలో, ఆనించడం ఆనవాయితీ అయింది. కారణం సులువు. వైరు తనంతట తనే అక్కడికి జారుతుంది, అక్కడే కుదురుగా ఉంటుంది, సిగ్నల్ బాగా దొరుకుతుంది. డాక్టరుకు అనువైన చోటు అది. గుండెకు అనువైనదా అన్న ప్రశ్న చాలాకాలం పక్కకు పోయింది. నిజానికి అమెరికా శాస్త్రవేత్త కార్ల్ విగ్గర్స్ 1925లోనే, అంటే పేస్‌మేకర్ పుట్టడానికి 33 ఏళ్ల ముందే, జంతువుల గుండె కండరాన్ని బయటినుంచి విద్యుత్తుతో తట్టి చూశాడు. సహజ దారిలో కాక కండరంలోంచి వచ్చిన స్పందన బలహీనంగా ఉందని, ఒత్తిడి నెమ్మదిగా పెరుగుతోందని రాశాడు. ఆ మాటను పట్టించుకోవడానికి వైద్యానికి ముప్పావు శతాబ్దం పట్టింది.

పట్టించుకునేలా చేసింది 2002లో వెలువడిన డేవిడ్ అధ్యయనం. గుండె పంపింగ్ తగ్గి, ప్రాణాంతకమైన లయ దోషాలున్న 506 మందికి షాక్ ఇచ్చే పరికరాలు అమర్చారు. సగంమందిలో పరికరం అవసరమైతే తప్ప గుండెను తట్టకుండా ఉంచారు. మిగిలినవారిలో నిమిషానికి కనీసం 70 చొప్పున తట్టేలా పెట్టారు. గుండెకు ఎక్కువ సాయం చేస్తే ఎక్కువ మేలు జరుగుతుందని అంచనా. ఫలితం తిరగబడింది. ఏడాది గడిచేసరికి మరణం గానీ, గుండె వైఫల్యంతో ఆసుపత్రిపాలు కావడం గానీ లేకుండా ఉన్నవారు మొదటి జట్టులో 83.9 శాతం, రెండో జట్టులో 73.3 శాతం. మరుసటి ఏడు ఇంకో విశ్లేషణ వచ్చింది. కిందిగదిని 40 శాతానికి మించి పేస్‌మేకరే నడిపిస్తున్న రోగుల్లో, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరే ముప్పు 2.6 రెట్లు ఉందని మోస్ట్ అధ్యయనం సమాచారం చూపింది.

లోపల ఏం జరుగుతోంది? వైరు కుడివైపు కొనలో ఉంది కాబట్టి నడిమి గోడ ముందు ముడుచుకుంటుంది. అప్పటికి ఎడమ పక్క గోడకు కబురే అందలేదు, అది సాగుతుంది. ఆలస్యంగా అది ముడుచుకునేసరికి నడిమి గోడ పని ముగించి సడలిపోతూ ఉంటుంది. ఈసారి ఇది సాగుతుంది. రక్తం బయటికి పోవాల్సిన బలం గోడలు ఒకదాన్నొకటి లాక్కోవడంలో ఖర్చవుతుంది. ఈసీజీలో గీత వెడల్పు 100 నుంచి 150, 160 మిల్లీసెకన్లకు, ఒక్కోసారి ఇంకా పైకి పోతుంది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌కు చెందిన ఫ్రిట్స్ ప్రిన్‌జెన్ బృందం 1999లో ఎంఆర్ఐతో కుక్కల గుండెల్లో దీన్ని కొలిచింది. ముందు మేల్కొన్న భాగం చేసే పని సగానికి పడిపోయింది. ఆలస్యంగా మేల్కొన్న భాగం మీద ఒకటిన్నర రెట్ల భారం పడింది. ఇలా ఏళ్ల తరబడి సాగితే పని తగ్గిన గోడ పలచబడుతుంది, భారం పడ్డ గోడ మందమెక్కుతుంది, గది వ్యాకోచిస్తుంది. కవాటాన్ని లాగి పట్టుకునే చిన్న కండరాలు సమయం తప్పడం వల్ల కవాటం సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి చిమ్ముతుంది. ఎకో పరీక్షలో 60 శాతం ఉన్న పంపింగ్ 40కి దిగవచ్చు.

గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఇందుకు కావలసిన శక్తి ఏటీపీ అనే అణువు రూపంలో ఖర్చవుతుంది. రోజుకు ఆరు కిలోల మేర గుండె ఒక్కటే తయారుచేసుకుని వాడేస్తుందని లెక్క. ఈ ఏటీపీని కండరంలో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. గోడల పొత్తు చెడిన గుండె ఈ ఇంధనాన్ని వృథా చేస్తుంది. పొత్తు సరిచేస్తే గుండె బలంగా కొట్టుకుంటూనే ఆక్సిజన్ తక్కువ వాడుకుంటుందని 2000 సంవత్సరంలో ఒక చిన్న అధ్యయనం చూపించింది. గుండెను బలవంతంగా పరిగెత్తించే మందులు మాత్రం ఆక్సిజన్ ఖర్చు పెంచేస్తాయి.

ఇక్కడ ఉప్పల్ రోడ్డు ప్రస్తావన తేక తప్పదు. తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వైపు వచ్చేవారికి ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్జీఆర్ఐ పరిశోధన సంస్థలు వరసగా కనిపిస్తాయి. వీటిలో సీసీఎంబీ శాస్త్రవేత్త కె. తంగరాజ్, పెరుందురై ధండపాణి, వారి సహచరులు 2009లో ఒక విషయం బయటపెట్టారు. గుండె కండరంలో ఉండే ఒక ప్రొటీన్ జన్యువులో 25 అక్షరాలు లోపించిన మార్పు దక్షిణాసియా జనంలో దాదాపు 4 శాతం మందికి ఉందని, అది ఉన్నవారికి నడివయసు దాటాక గుండె వైఫల్యం ముప్పు ఏడు రెట్ల దాకా ఉందని తేల్చారు. ప్రతి పాతికమందిలో ఒకరన్నమాట. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ చూసే జనంలో దాన్ని మోస్తున్నవారు వందల్లోనే ఉంటారు. కండరం లోపాన్ని పేస్‌మేకర్ బాగుచేయదు, అది ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. కానీ అసలే కండరం అంతంత మాత్రంగా ఉన్న గుండెకు కరెంటు కూడా వంకరదారిలో ఇవ్వడం మంచిది కాదు.

మరి సరైన దారి? మొదటి ప్రయత్నం రెండు కిందిగదులకూ రెండు వైర్లు వేయడం. దీన్ని సీఆర్‌టీ అంటారు. కుడివైపు ఒకటి, గుండె వెనక సిరలోంచి ఎడమవైపు ఇంకొకటి. రెండిటినీ ఒకేసారి తడతారు. యూరప్‌లో 813 మంది మీద జరిగిన కేర్-హెచ్ఎఫ్ అధ్యయనం 2005లో మరణాలు 36 శాతం తగ్గాయని చెప్పింది. అది పెద్ద విజయమే. అయితే మూడోవంతు మందికి పెద్దగా గుణం కనిపించదు. పరికరం ఖరీదెక్కువ, బ్యాటరీ తొందరగా తరుగుతుంది. పైగా రెండు వైపులా తట్టినా విద్యుత్తు పాకేది కండరంలోంచే కదా.

రెండో ప్రయత్నం ప్రకృతి వేసిన వైరింగునే వాడుకోవడం. అప్పట్లో పెన్సిల్వేనియాలో పనిచేసిన ప్రమోద్ దేశ్‌ముఖ్ 2000లో హిస్ కట్టకే నేరుగా వైరు బిగించి చూపించారు. అందం ఏమిటంటే ఈసీజీ గీత సన్నగానే ఉంది. ఇబ్బంది ఏమిటంటే ఆ కట్ట సన్నం, దాన్ని పట్టుకోవడం కష్టం, ఎక్కువ కరెంటు కావాలి, కొన్నాళ్లకు ఆ అవసరం ఇంకా పెరగొచ్చు. 2017లో చైనాలోని వెన్‌జౌ నుంచి హువాంగ్ వేజియన్ బృందం ఇంకాస్త కిందికి దిగింది. ఎడమ శాఖ నడిమి గోడకు ఎడమవైపు విశాలంగా పరుచుకుని ఉంటుంది. కుడివైపు నుంచి గోడలోకి వైరును మర బిగించినట్టు తిప్పి దాన్ని అందుకోవచ్చని చూపించారు. లెఫ్ట్ బండిల్ పేసింగ్ అంటే అదే.

క్యాథ్‌ల్యాబ్‌లో అది చూడదగ్గ పని. రోగికి మత్తు మందు ఆ చోటికే, మెలకువగానే ఉంటాడు. ఎడమ భుజం ఎముక కింద రెండంగుళాల కోత. వాడే వైరు మందం మిల్లీమీటరున్నర లోపే. వంపు తిరిగిన గొట్టం లోంచి దాన్ని నడిమి గోడకు లంబంగా ఆనించి, డాక్టరు బయట చివరను వేళ్లతో గబగబా తిప్పుతాడు. కొసనున్న మర గోడలోకి ఎక్కుతుంది. ఆయన కళ్లు మాత్రం ఈసీజీ తెర మీదే ఉంటాయి. వి-1 అనే ఈసీజీ గీతలో మొదట 'డబ్ల్యూ' లాంటి ఆకారం కనిపిస్తుంది. వైరు లోతుకు వెళ్లేకొద్దీ దాని నడిమి నొక్కు చివరికి జరుగుతుంది. శాఖను తాకిందంటే గీత కొసన చిన్న మొలక లేస్తుంది. వి-6లో గీత శిఖరానికి చేరే సమయం 75 మిల్లీసెకన్ల చుట్టుపక్కలకు పడిపోతుంది. ఇంకొక్క చుట్టు ఎక్కువ తిప్పితే గోడ దాటి ఎడమ గదిలోకి పొడుచుకుపోవచ్చు. ఆపాల్సిన చోట ఆపడంలోనే నేర్పంతా ఉంది. గోడ మందం సెంటీమీటరు మాత్రమే మరి.

 తెలుగు సినిమాలో ఆసుపత్రి సీను అంటే టీక్ టీక్ మనే మానిటరు, గీత కదిలితే ప్రాణం, చదునైతే వల్లకాడు. గీత వెడల్పు ఎంతో ఏ దర్శకుడూ చూపలేదు. పాపం, వైద్యులే ఆలస్యంగా చూశారు!

ఈ పద్ధతి ఎంతవరకు నమ్మదగ్గది? యూరప్‌లోని 14 కేంద్రాల్లో 2,533 మంది మీద జరిగిన మెలోస్ పరిశీలన 2022లో వెలువడింది. గుండె నెమ్మదించిన రోగుల్లో 92 శాతానికి పైగా, గుండె వైఫల్యం ఉన్నవారిలో 82 శాతం మందికి వైరు సరైన చోట కుదిరింది. 2023లో పుగళేంది విజయరామన్ బృందం 1,778 మంది వివరాలు పోల్చింది. మరణం లేదా గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరిక సీఆర్‌టీ జట్టులో 28 శాతం, ఎడమ శాఖ జట్టులో 20.8 శాతం. అదే సంవత్సరం అమెరికా, ఆసియా పసిఫిక్, లాటిన్ అమెరికా గుండె లయ వైద్య సంఘాలు కలిసి గుండె సహజ పనితీరుకు దగ్గరగా తట్టే ఫిజియలాజిక్ పేసింగ్‌పై మార్గదర్శకాలు విడుదల చేశాయి. అయితే ఈ అంకెల్లో ఎక్కువభాగం పరిశీలనలవి. చీటీలు వేసి రోగులను రెండు జట్లుగా విడదీసి పోల్చే పెద్ద పరీక్షలు నడుస్తున్నాయి. వాటి తీర్పు వచ్చేదాకా సీఆర్‌టీని పాతబడ్డదని కొట్టిపారేయడం తొందరపాటే.

మనకు ఈ విద్య దూరపుదేమీ కాదు. మదురైలోని వేలమ్మాళ్ వైద్య కళాశాల నుంచి షణ్ముగసుందరం పొన్నుస్వామి ఎడమ శాఖ పేసింగ్ మీద వరసగా పరిశోధన పత్రాలు రాశారు. హైదరాబాద్‌లో సి. నరసింహన్ వంటి గుండె లయ నిపుణులు దేశమంతా తెలిసినవారు. డబ్బు సంగతిలో కూడా మనకిది కలిసొచ్చేదే. చాలామందికి మామూలు రెండు వైర్ల పేస్‌మేకర్ పెట్టెనే వాడొచ్చు, కిందిగది వైరు చోటు మాత్రమే మారుతుంది. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో పనిచేసే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. 2017లో 21 వేల రూపాయలకు పెంచిన వేతన పరిమితి లోపల ఉన్న కార్మికులకు ఈఎస్ఐ అండ ఉంది, నాచారంలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో శాశ్వత పేస్‌మేకర్ అమరిక ఉంది; తెలంగాణలో ఆ పథకం పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది.

పేస్‌మేకర్ ఉన్న కార్మికుడు వెల్డింగ్ షాపులో పనికి వెళ్లేముందు తన డాక్టరును అడగాలి. ఆర్క్ వెల్డింగ్, ఇండక్షన్ ఫర్నేసు దగ్గరి విద్యుదయస్కాంత క్షేత్రం పరికరాన్ని తికమకపెట్టగలదు. ఫోను చొక్కా ఎడమ జేబులో వద్దు, పరికరానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరం ఉండాలి. ఉప్పల్, స్టేడియం, ఎన్జీఆర్ఐ మెట్రో స్టేషన్లలో తనిఖీ ద్వారంలోంచి ఆగకుండా నడిచిపోవచ్చు. చేతి స్కానరును ఛాతీ మీద పెట్టనివ్వకుండా కార్డు చూపితే చాలు. ఇంకో మాట ఎవరూ చెప్పరు గనుక చెప్పాలి: మనిషి పోయాక దహనానికి ముందు పరికరాన్ని తీయించాలి, లిథియం బ్యాటరీ మంటల్లో పేలుతుంది.

ఇప్పటికే పాతపద్ధతి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కంగారుపడి వైరు మార్పించుకోనక్కర్లేదు. వారిలో అత్యధికులకు అది ఏ హానీ చేయదు. నష్టం జరిగేది వందలో పది నుంచి ఇరవై మందికి, అది కూడా కిందిగదిని పరికరమే ఎక్కువగా నడిపిస్తున్నవారికి. ఆ కొద్దిమంది ఎవరో కనిపెట్టడానికి ఖరీదైన పరీక్షలేమీ అక్కర్లేదు. చెకప్‌కు వెళ్లిన పెద్దాయన ఎప్పుడూ "బ్యాటరీ ఇంకెన్నేండ్లు వస్తది సారూ?" అని అడిగి లేచి వస్తాడు. దాంతోపాటు మరో రెండు అడగాలి. కిందిగదిని పరికరం ఎంత శాతం నడిపిస్తోంది? ఏడాది కిందటి ఎకోతో పోలిస్తే ఇప్పుడు పంపింగ్ ఎంత ఉంది? మొదటి అంకె ఛాతీ మీద యంత్రం ఆనించిన కాసేపట్లో తెర మీదకు వస్తుంది. రెండోది ఎకో కాగితంలో ఉంటుంది. కొత్తగా పేస్‌మేకర్ పెట్టించుకోబోతున్నవాళ్లు ఇంకొకటి కూడా అడగండి: కిందిగది వైరు ఎక్కడ పెడుతున్నారు, నా గుండెకు ఎడమ శాఖ దారి కుదురుతుందా? జవాబు ఏదైనా కావచ్చు, ఆపరేషన్ బల్ల ఎక్కకముందే ఆ మాట మాట్లాడుకోండి.